చామంతి దండ పడిన గోడ

మా ఊళ్లో గోడలకు కూడా రిజర్వేషన్ ఉంది. ఎన్నికలు ఇంకా ఎక్కడో ఉండగానే పార్టీల కుర్రాళ్లు సున్నం బకెట్టుతో వచ్చి, నచ్చిన గోడకు తెల్లగా కొట్టి, మూల మీద తమ పార్టీ పేరు రాసి పోతారు. బెర్తు మీద తువ్వాలు పరిచినట్టే. ఆ తర్వాత ఇంటాయన తన గోడ మీద తన పేరు రాసుకోవాలన్నా వాళ్లనే అడగాలి. బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్‌లోనే పుట్టి, రెండు వీధుల అవతలికి కాపురానికి వచ్చినదాన్ని కనుక ఇదంతా నాకు వింతగా తోచదు. అయినా గోడల్ని సరిగ్గా చూడటం మొదలుపెట్టింది మాత్రం ఈ మధ్యనే, అదీ మా అత్తగారి మోకాళ్ల పుణ్యమా అని.

డాక్టరు ఆవిడను రోజూ నడవమన్నాడు. "పనీ పాటా లేకుండా ఊరికే నడవడానికి నాకేటి పిచ్చా?" అంది ఆవిడ. బజారులో వంకాయలు నచ్చకపోతే ఇంకో బజారుకు నడుస్తుంది. వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా పలకరించడానికి నడుస్తుంది. ఆరోగ్యం కోసం నడవమంటే మాత్రం కాలు కదపదు. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో ఇంతవరకు లేరు. అందుకని ఒక ఎత్తు వేశాను. ఆదివారం పొద్దున్నే స్కూటీ మీద ఏదో ఒక పేటకు తీసుకెళ్లి దించి, "ఇక్కడ గోడల మీద కొత్త బొమ్మలు వేశారట, చూసొద్దాం అత్తయ్యా" అనేదాన్ని. బొమ్మలు చూడటం పనే కదా. ఆవిడ కాళ్లు కదిలాయి.

మొదట సుభాష్‌పల్లి వెళ్లాం. అక్కడ ఒక క్లబ్బు గోడ మీద ఫుట్‌బాల్ తన్నుతున్న కుర్రాణ్ని వేశారు. దాని పక్కనే ఇంకెవరో ఇంకెప్పుడో వేసిన చెరువు, చెరువులో కొంగ. మా అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని చాలాసేపు చూసింది. "బంతి తిన్నగా కొంగ ముకానికే ఎల్తన్నాది. పాపం, దానికి తెల్దు" అని తేల్చింది. ఇంకో సందులో ఒక పులి ఉంది. ఆ పులిని చూసి ఆవిడ "మియావ్" అంది. లోపలి నుంచి ఇంటావిడ తొంగిచూసేసరికి నేను స్కూటీ తాళం కోసం బ్యాగులో వెతుకుతున్నట్టు నటించాను.

తర్వాత తర్వాత ఆవిడే అడగడం మొదలుపెట్టింది, ఈ వారం ఎక్కడికెల్దాం అని. దారిన పోయేవాళ్లు గోడ తడపకుండా ఉండాలని అన్ని మతాల దేవుళ్ల పలకలూ వరసగా అంటించిన సందు ఆవిడకు బాగా నచ్చింది. "ఈ ఊల్లో దేవుళ్లకి ఎంత సిన్న పని పడ్డాది సూడు" అని చెంపలేసుకుంది. నేను పనిచేసే ఫ్యాక్టరీ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఉంది. ఆ దారిలో ఒక ప్రహరీ మీద హెల్మెట్టు పెట్టుకుని, బూట్లు తొడుక్కుని, జాగ్రత్తగా పనిచేయమని చెప్పే మనిషి బొమ్మ ఉంటుంది. "అచ్చం మా అల్లుడే" అంది. ఎలాగని అడిగాను. "పని సేసేవాడిలాగే నిలబడ్డాడు గానీ సేతిలో ఏటీ లేదు" అంది. ఆడపడుచు మొగుడి మీద అత్తగారు ఇలా ఒక మాట విసిరితే కోడలికి ఎంత హాయిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు.

ఒక్క చోట మాత్రం ఆవిడ వేళాకోళం చేయలేదు. రైల్వే గోడ మీద కొందరు కుర్రాళ్లు పాత ఆవిరింజను వేస్తున్నారు. రంగు ఇంకా ఆరలేదు. ఆవిడ దగ్గరగా వెళ్లి ఊపిరి గట్టిగా పీల్చుకుంది. మా మామగారు వర్క్‌షాప్‌లో రైలు పెట్టెలకు రంగు వేసేవారు. "సాయంత్రం ఇంటికొచ్చేసరికి మీ మావ ఒంటి మీద ఇదే వోసన" అంది. ఇంటికి వెళ్లాక ఆయన ఫొటోకు ఉన్న పాత దండ తీసి, కొత్త దండ వేసింది. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ ఆవిడదే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు.

ఇక మా వీధి సంగతి. మేముండేది పూరీ గేట్ దగ్గర. మా గేటు పక్కన ఒక రాతి బెంచీ ఉంది. సాయంత్రమైతే దాని మీద ఇద్దరు ఆడవాళ్లు ఉంటారు. ఒకరు మా అత్తగారు. రెండోవారు పక్కింటి పిన్ని. పిన్నిది తెలుగు క్రైస్తవుల కుటుంబం, తాతల నాడు భీమిలి వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆవిడ రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. వీళ్లిద్దరూ కొత్త పెళ్లికూతుళ్లుగా ఒకే ఏడాది ఆ వీధిలో దిగారట. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. మా ఆయనా, పిన్ని కూతురూ ఎవరింట్లో ఆకలేస్తే ఆ ఇంట్లో తిని పెరిగారు. రోజూ ఆ బెంచీ మీద ఇద్దరూ పోట్లాడుకుంటారు. పోట్లాట లేని రోజున మాకు అనుమానం వస్తుంది, ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని.

సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ అమ్మాయి ఉంది, గోడల మీద ఊరివాళ్ల బొమ్మలు వేస్తుంది. టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపే ఆయన్నీ, ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే దాదానీ వేసింది. మేము వీధి వీధీ తిరుగుతుంటే పరిచయమైంది. మా వీధి చివర, బజారు రోడ్డు వైపుకు ఒక గోడ ఖాళీగా ఉందని నేనే చెప్పాను. వచ్చి చూసింది. గోడ కన్నా ముందు ఆ బెంచీ మీదున్న ఇద్దరూ ఆమె కళ్లలో పడ్డారు.

"మాసీమా, ఎక్టు హాషో" అంది ఫోన్ పైకెత్తి. కొంచెం నవ్వమని. మా అత్తగారు వెంటనే సర్దుకుని కూర్చుంది. పిన్ని మాత్రం, "ఓలమ్మో, ఈ జుత్తుతోనా!" అంటూ లేచి ఇంట్లోకి పరుగెత్తింది. నూనె రాసుకుని, దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చేసరికి ఆ అమ్మాయి ఫొటోలు తీసుకుని వెళ్లిపోయింది. పిన్ని ఖాళీ చేసిన చోట మా అత్తగారు చెయ్యి బారుగా చాపి, బెంచీ మీద ఆనించి కూర్చుంది. ఫొటోలో పడింది అదే.

గోడ మీదికి ఎక్కింది కూడా అదే. ఆ బొమ్మ వేస్తున్నన్ని రోజులూ మా అత్తగారు గోడ ముందు స్టూలు వేసుకుని సూపర్‌వైజరు ఉద్యోగం చేసింది. ముఖం గురించి పట్టించుకోలేదు. ఆవిడ పట్టింపంతా ఆ చాపిన చెయ్యి గురించే. "చూడీ ఠీక్ సే బనావో" అని గాజులు మళ్లీ మళ్లీ వేయించింది. మామగారు పోయినా తియ్యనని పట్టుబట్టి ఉంచుకున్న పచ్చగాజుల మధ్య బంగారు గాజు మెరవాలి. మెరిసేదాకా ఆ అమ్మాయిని ఇంటికి పోనివ్వలేదు. తీరా పూర్తయ్యాక చూస్తే నిజంగానే ఆ గోడ మీద అన్నిటికన్నా అందమైనది ఆ చెయ్యే. ఒకవైపు నీళ్ల గొట్టం నుంచి ఇంకోవైపు కరెంటు మీటరు పెట్టె దాకా గోడంతా మా అత్తగారే.

పిన్ని వచ్చి చూసి, "బాగున్నాది వొదినా" అంది. పిన్ని ఒక్క మాటతో ఆపడం నేనెప్పుడూ చూడలేదు. నాకు మనసులో చివుక్కుమంది కానీ, అప్పటికే రంగు ఆరిపోయింది.

ఇది జరిగిన కొన్నాళ్లకు వాళ్ల చర్చికి వేరే ఊరి నుంచి పాస్టరు గారు వచ్చారు. ఆదివారం సాయంత్రం ఆరాధనలో ఆయన మెడలో పెద్ద చామంతి దండ వేసి సన్మానం చేశారు. అలాంటిదే ఇంకో దండ మిగిలింది. పిన్ని దాన్ని జాగ్రత్తగా సంచిలో పెట్టుకుని తెచ్చి, ఇంటికి వచ్చే దారిలోనే మా అత్తగారి బొమ్మకు వేసింది. పైన మేకు ఉంటే దానికి తగిలించి, మెడకు సరిగ్గా పడేలా సర్దింది. పొద్దున వదిన చూసి మురిసిపోవాలని ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. మా ఇళ్లలో బొమ్మకు గానీ ఫొటోకు గానీ దండ పడిందంటే ఆ మనిషి లేనట్టే లెక్క. పిన్ని వాళ్లింట్లో చనిపోయినవాళ్ల ఫొటోలకు దండ వేసే అలవాటు లేదు. పూలు సమాధి మీద పెడతారు. దండ అంటే వాళ్లకు అతిథి మెడలో వేసే మర్యాద, అంతే. ఇన్నేళ్లు గోడకు గోడ ఆనుకుని బతికాం, ఒకరి కూర ఒకరం తిన్నాం, ఈ తేడా మాత్రం ఎవరికీ తట్టలేదు.

కాసేపటికే మా మామగారితో పనిచేసిన ఒకాయన టోటోలో బజారు రోడ్డున పోతూ దండ చూశాడు. దిగి అడగలేదు. చావు ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళ్లడం, రేపు వద్దాంలే అనుకున్నాడట. కానీ పలాసలో ఉన్న మా అత్తగారి తమ్ముడికి మాత్రం ఫోన్ చేసి, మీ అప్ప పోయిందని చెప్పేశాడు. తమ్ముడు అప్పకు ఫోన్ చేశాడు. చార్జింగ్ ఆదా అవుతుందని సాయంత్రం కాగానే ఫోన్ కట్టేసే అలవాటు ఆవిడది. మా ఆయనకు చేశాడు. ఆయన లోకో పైలట్, ఆ వేళ బండి మీద ఉన్నారు, డ్యూటీలో ఫోన్ కట్టెయ్యాలి. నాకు చేశాడు. ఆయన దగ్గరున్నది నా పాత నంబరు. ఇక ఆ మనిషి చేతికి దొరికిన చొక్కా తొడుక్కుని బండెక్కేశాడు. రైల్వే కుటుంబాల్లో అంతే, ఏడుపు వచ్చినా నవ్వు వచ్చినా ముందు బండెక్కేస్తాం.

మర్నాడు పొద్దున నేను గేటు దగ్గర స్కూటీ తుడుస్తున్నాను. వీధి చివర నుంచి గావుకేక వినిపించింది. పరుగెత్తాను. పలాస మావయ్య గోడ ముందు నేల మీద కూలబడి, బొమ్మ వైపు చేతులు చాపి ఏడుస్తున్నాడు. ఆ బొమ్మ మెడలో చామంతి దండను అప్పుడే చూశాను. "నాకు సెప్పకుండా ఎలిపోనావేటప్పా! అమ్మ పోనాక నువ్వే కదా నాకు తల దువ్వినావు! ఇంక నన్నెవులు తిడతారప్పా!" అంటున్నాడు. చుట్టూ నలుగురు చేరారు. ఒక బెంగాలీ పెద్దాయన పాపం ఆయన భుజం తడుతున్నాడు.

అప్పుడు రోడ్డు వైపు నుంచి మా అత్తగారు వచ్చింది, చేతిలో పొట్లకాయతో. పొద్దున వెళ్లేటప్పుడు సందు దారిన వెళ్లింది కనుక గోడ చూడలేదు. తమ్ముడి వెనక నిలబడి, కాసేపు విని, "ఒరే, ఎవులు పోనార్రా?" అంది.

మావయ్య వెనక్కి తిరిగాడు. ఆవిడను చూశాడు. గోడను చూశాడు. మళ్లీ ఆవిడను చూశాడు. తర్వాత లేచి ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. పొట్లకాయ కింద పడి విరిగింది. ఓదార్చడానికి వచ్చిన పెద్దాయన మాత్రం బాగా ఇబ్బందిపడ్డాడు.

ఇంట్లోకి తెచ్చి ఇద్దరికీ కాఫీ ఇచ్చాను. అత్తగారు తమ్ముడికి తలంటు పోయించి, కడుపునిండా పెట్టింది. ఆయన ఏడ్చిన మాటలన్నీ మళ్లీ చెప్పించుకుని మరీ నవ్వింది. అంతా తేలిపోయిందనే అనుకున్నాను. దండ వేసింది ఎవరో తెలిసేదాకా.

మధ్యాహ్నం పిన్ని చేపల కూర గిన్నెతో వచ్చింది. మా అత్తగారు గిన్నె అందుకోలేదు.

"నువ్వేనా ఏసినావు?"

"నానే. బాగున్నాది కదా వొదినా?"

"బతికుండగానే నాకు దండేసినావా?"

పిన్ని తెల్లబోయింది. "అదేటి? నిన్న పాస్టరు గారికీ ఏసినాం. ఆయనేటి సచ్చిపోనాడా?"

"ఆయన మెడలో ఏసినారు. నువ్వు బొమ్మకేసినావు. రోజూ మా ఇంటికొస్తన్నావు, మా ఆయన ఫొటో సూస్తన్నావు. బొమ్మకి దండెప్పుడేస్తారో నీకు తెల్దా?"

"ఆయనకి మర్యాద సేస్తన్నావనుకున్నాను" అంది పిన్ని. గిన్నె అరుగు మీద పెట్టి వెళ్లిపోయింది. ఎన్నో ప్రాణాలు పోతుంటే చూసిన నర్సమ్మ, ఒక్క దండకు ఇంత అర్థం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం బెంచీ ఖాళీగా ఉంది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. మావయ్య ఊరికి వెళ్లిపోయాడు. మా అత్తగారికి నిజంగానే కాస్త జ్వరం తగిలింది, దాంతో ఆ దండ అపశకునమేనన్న భయం పట్టుకుంది. ఆ బొమ్మ ఉండగా తాను తేరుకోనని, సున్నం కొట్టించమని పట్టుబట్టింది. నాకు ఒళ్లు మండింది. పులిని చూసి మియావ్ అన్న మనిషి చామంతి పూలకు భయపడటం ఏమిటి అని అడిగేశాను. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

"సావంటే నాకు బయం లేదమ్మా" అంది అటు తిరిగే. "ఇంకెవులేసినా తీసి పారేసి నవ్వుకుందును. దాని సేత్తో పడ్డాది. అదీ నాకు మింగుడు పడతా లేదు."

వాళ్లిద్దరూ మాట్లాడుకోని ఇల్లు నాకు మా ఇల్లులాగే అనిపించలేదు. ఆ బెంచీ మీది పోట్లాటలు విసుగు పుట్టిస్తాయని ఎన్నిసార్లు సణిగానో, అవి లేకపోతే సాయంత్రం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది.

చివరికి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. తెల్లరంగు బకెట్టూ రోలరూ పట్టుకుని వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మా అత్తగారు శాలువా కప్పుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది. దండ అప్పటికే ఎవరో తీసేశారు. ఆ అమ్మాయి రోలరు రంగులో ముంచింది.

"రుకో బేటీ" అని వెనక నుంచి వినిపించింది.

పిన్ని. ఇస్త్రీ చీర కట్టుకుంది. తలకు నూనె రాసి, నున్నగా దువ్వి ముడి వేసుకుంది. నేరుగా మా అత్తగారి ముందుకొచ్చి నిలబడింది.

"వొదినా, ఈ గోడ మీదుంటే సావొస్తాదనే కదా నీ బయం? అయితే నన్నూ ఎయ్యమను, నీ పక్కనే. వొస్తే ఇద్దరికీ వొస్తాది. నువ్వొక్కదానివీ ఎల్లక్కర్లేదు."

రోడ్డు మీద టోటోలు పోతున్నాయి. మా అత్తగారు ఆవిడను పై నుంచి కింది దాకా చూసింది.

"ఇయాల జుత్తు దువ్వుకునే వొచ్చినావేటి" అంది.

"దువ్వుకున్నాను. మల్లీ నన్నొదిలీసి బొమ్మ దింపించుకుంటావేమోనని."

మా అత్తగారు పక్కకు జరిగి స్టూలు మీద చోటిచ్చింది. ఇద్దరికీ చాలని స్టూలది. అయినా ఇద్దరూ కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఇలాంటప్పుడు ఏడవకపోతే ఇంకెప్పుడు ఏడుస్తాం?

ఆ అమ్మాయికి మాటలు అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. రోలరు పక్కన పెట్టి గోడను కొలతగా చూసింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. ఒకవైపు గొట్టం, ఒకవైపు మీటరు పెట్టె, ఇంకో మనిషికి చోటు లేదు. పిన్నిని కూర్చోబెట్టాలంటే ఆ చాపిన చెయ్యి పోవాలి. బెంచీ మీద చోటు ఉన్నది అక్కడే.

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. చెబుతూ గాజుల వైపు చూడకుండా ఉండలేకపోయాను. పచ్చగాజుల మధ్య బంగారు గాజు ఎండకు మెరుస్తోంది. మా అత్తగారు కూడా దాన్నే చూసింది.

"సెయ్యి తీసీమను" అంది. "దాన్ని కూకోనియ్యి."

ఇప్పుడు పూరీ గేట్ వైపు ఎవరు వచ్చినా ఆ గోడ దగ్గర ఆగుతారు. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుని ఉంటారు. ఒకావిడ జుట్టు నున్నగా మెరుస్తూ ఉంటుంది. రెండో ఆవిడకు ఒక చెయ్యే కనిపిస్తుంది. మొన్న ఫొటో తీసుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు, రెండో చెయ్యి వెయ్యడం మరిచిపోయారా మాసీమా అని మా అత్తగారినే అడిగారు.

"ఉన్నాది" అంది ఆవిడ. "దాని నడుం సుట్టూ ఏసినాను. మీకు అగుపడదు."